కొన్న పాటలు ఫోన్లో ఎందుకు మోగట్లేదు: పాత సీడీలు, ఐట్యూన్స్, ఫ్లైట్ పాటల సంగతి

మీరు అడిగింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్ళకి తలా తోకా తెలియాలి కదా. అమెరికాలో ఉన్న రోజుల్లో ఆపిల్ వాళ్ళ పాటల స్టోర్ ఐట్యూన్స్‌లో కొన్న పాటలు కొన్ని, ఇండియా వచ్చేశాక ఫ్లిప్‌కార్ట్ వాళ్ళు నడిపిన ఫ్లైట్ అనే పాటల కొట్టులో కొన్నవి కొన్ని, ఇవి కాక నాన్నగారి ఆడియో సీడీలు ఒక పెట్టెడు. ఇప్పుడు మీకు కొత్త ఆండ్రాయిడ్ ఫోన్, మేడం గారిది ఐఫోన్. సీడీలోంచి పాటలు కాపీ చేస్తే ఒక్కోటి 1 కేబీ వచ్చింది, ఐట్యూన్స్ పాటలు సగం మోగుతున్నాయి సగం మోగట్లేదు, ఫ్లైట్ పాటలేమో ఫోన్లోకి ఎక్కాయి గానీ ప్లేయర్లో కనపడట్లేదు. మీ బావమరిది "ఎలాగూ డబ్బులిచ్చి కొన్నవే కదా, ఏదో ఒక ఫ్రీ సైట్లో దింపేసుకోండి బావా" అంటున్నాడు. అంతేగా?

నేను గుంటూరులో సిస్టమ్ సర్వీసింగ్ చేస్తాను, ఈ పాటల గొడవతో వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఎక్కువగా రిటైరైన మాస్టార్లు, ఊరికొచ్చిన ఎన్నారైలు. వాళ్ళని మొదట అడిగేది ఒకటే, మీరు డబ్బులు కట్టి తెచ్చుకున్నది ఫైలా లేక వినడానికి పర్మిషనా అని. ఫైలైతే కొట్టు మూసేసినా, కంపెనీ చేతులు మారినా మీ పాట మీ దగ్గరే ఉంటుంది, ఇక మిగిలింది దాన్ని ఫోన్లోకి ఎక్కించడమే. పర్మిషనైతే మాత్రం ఫోన్లో ఎన్ని సెట్టింగులు తిప్పినా లాభం లేదు, ఇచ్చినవాడు ఒప్పుకున్నన్నాళ్ళే. మీ మూడు రకాల్లో ఫ్లైట్‌వి పూర్తిగా ఫైళ్ళు, సీడీలు కూడా ఫైళ్ళ కింద లెక్కే, ఐట్యూన్స్‌వి సగం అదీ సగం ఇదీ. అందుకే సగం మోగుతున్నాయి.

తేలికైన దాంతో మొదలెడదాం, ఫ్లైట్. ఫ్లిప్‌కార్ట్ దీన్ని 2012 ఫిబ్రవరిలో పెట్టి 2013 జూన్‌లో ఎత్తేసింది, కొన్నవాళ్ళకి ఆగస్టు దాకా టైమిచ్చి ఈలోపు దింపేసుకోండి అన్నారు. కొట్టు పోయి ఇన్నేళ్ళయినా ఆ పాటలు ఈరోజు కొన్న ఫోన్లో కూడా మోగుతాయి, ఎందుకంటే వాళ్ళిచ్చింది ఏ తాళమూ లేని మామూలు ఎంపీ3, తాళం అంటే పాట ఎక్కడ పడితే అక్కడ మోగకుండా కంపెనీ వేసే అడ్డు. కాబట్టి మీవి పాడవలేదు, ఫోన్ వాటిని చూడట్లేదంతే. దానికి మామూలుగా రెండు కారణాలు. ఒకటి, మీరు పాత లాప్‌టాప్‌లోని ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు లాగి పడేసి ఉంటారు, అందులో ఎప్పుడో పాత ఫోన్ నుంచి బ్యాకప్ తీసినప్పుడు వచ్చిన చుక్క నోమీడియా అనే ఖాళీ ఫైలు ఒకటి ఉండి ఉంటుంది. చుక్కతో మొదలయ్యే ఆ పేరుతో ఫైలు ఏ ఫోల్డర్లో ఉంటే ఆ ఫోల్డర్నీ దాని లోపలి వాటినీ ఆండ్రాయిడ్ పాటల లెక్కలోకి తీసుకోదు. ఫోన్లో ఫైల్స్ యాప్ తెరిచి, సెట్టింగుల్లో హిడెన్ ఫైళ్ళు చూపించమని పెట్టి, అది కనపడితే డిలీట్ చేసి ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి.

రెండో కారణం ఇంకా సిల్లీగా ఉంటుంది. ఇప్పుడు చాలా ఫోన్లలో పాటల యాప్ అని ముందే వేసి ఇచ్చేది యూట్యూబ్ మ్యూజిక్. జనం అది తెరిచి పైన సెర్చ్‌లో వెతుకుతారు, అదేమో ఇంటర్నెట్లో ఉన్నవి చూపిస్తుంది, నా పాటలు పోయాయి అని కంగారు. ఫోన్లో ఉన్నవి అందులో లైబ్రరీలోకి వెళ్ళి, పైన లైబ్రరీ అనే మాట మీద నొక్కితే వచ్చే లిస్టులో డివైస్ ఫైల్స్ అని ఒక మూలన ఉంటాయి. నా సలహా అడిగితే సొంత పాటలకి ఆ యాప్ వద్దు. మ్యూజికోలెట్ వేసుకోండి, దానికి ఇంటర్నెట్ పర్మిషనే ఉండదు, యాడ్లు లేవు, ఫోల్డర్ల వారీగా చూపిస్తుంది. లేదంటే వీఎల్‌సీ, అదైతే ఏ ఫైలు పడేసినా మింగేస్తుంది.

కేబుల్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. కంప్యూటర్‌కి ఫోన్ తగిలిస్తే ఛార్జింగ్ మాత్రమే ఎక్కుతోంది, ఫోన్ కనపడట్లేదు అంటే ముందు కేబుల్ మార్చండి, ఇయర్‌ఫోన్లకీ పవర్‌బ్యాంక్‌లకీ ఇచ్చే కేబుళ్ళలో చాలావాటికి డేటా తీగలే ఉండవు. కేబుల్ మంచిదైతే ఫోన్ లాక్ తీసి, పైనుంచి నోటిఫికేషన్ కిందకి లాగి, యూఎస్‌బీ దేనికి అని అడిగే చోట ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోవాలి, అది ఎంచుకోకపోతే కంప్యూటర్లో ఫోన్ పేరు కనపడినా లోపల ఖాళీగా ఉంటుంది. పాటలన్నీ ఫోన్లో మ్యూజిక్ అనే ఫోల్డర్ ఉంటుంది కదా, అందులో సినిమాకో ఫోల్డర్ చొప్పున వేయండి. కేబుల్ గోలే వద్దనుకుంటే విండోస్‌కి క్విక్ షేర్ ప్రోగ్రామ్ ఉంది, 2023లో నియర్‌బై షేర్ అని వచ్చింది, 2024లో పేరు మార్చారు, నాలుగైదు సినిమాలైతే దాంతో హాయిగా పంపొచ్చు, వందల పాటలకి మాత్రం కేబులే నయం. మాక్ ఉన్నవాళ్ళకి ఆండ్రాయిడ్ ఫోన్ నేరుగా కనపడదు, ఓపెన్ఎంటీపీ లాంటిది వేసుకోవాలి. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని ఎక్కించే పద్ధతి మాత్రం వద్దు, పేర్లు మారిపోయి ఏది ఏ పాటో తర్వాత మీకే తెలీదు.

ఇక ఐట్యూన్స్. ఇక్కడ కొంచెం చరిత్ర తెలిస్తేనే మీ సగం సగం గొడవ అర్థమవుతుంది. ఆపిల్ ఆ స్టోర్ 2003 ఏప్రిల్‌లో అమెరికాలో మొదలెట్టింది, మ్యూజిక్ కంపెనీలు ఒప్పుకోవాలి కాబట్టి ప్రతి పాటకీ ఫెయిర్‌ప్లే అని తాళం వేసి అమ్మింది, 128 కేబీపీఎస్ క్వాలిటీ (ఈ అంకె పెద్దదైతే పాట అంత స్పష్టం). ఆ ఫైళ్ళ పేరు చివర ఎం4పీ అని ఉంటుంది. ఐదు కంప్యూటర్ల దాకా పర్మిషన్, ఐపాడ్‌లో ఐఫోన్‌లో మోగుతుంది, ఆండ్రాయిడ్ ఫోన్లో మోగదు, అప్పుడూ మోగలేదు ఇప్పుడూ మోగదు. 2007లో ఈఎంఐ కంపెనీ ముందుకొచ్చి తాళం లేకుండా అమ్ముకోండి అంది, అవి 256 కేబీపీఎస్, పేరు చివర ఎం4ఏ. తర్వాత 2009 జనవరిలో ఆపిల్ ఇక మొత్తం స్టోరంతా తాళం తీసేస్తున్నాం అని చెప్పి కొన్ని నెలల్లో తీసేసింది. మీరు కొన్నది 2006 నుంచి 2010 దాకా అన్నారు, అంటే సరిగ్గా ఆ గట్టుకి రెండు వైపులా కొన్నారు. 2009 తర్వాతవి ఏ ఆండ్రాయిడ్‌లో అయినా మోగుతాయి, ముందువాటిలో తాళం ఉన్నవి మొరాయిస్తాయి.

ఏది ఏదో తెలుసుకోవడానికి కంప్యూటర్లో ఐట్యూన్స్ తెరిచి పాటల లిస్టు చూపించే చోట పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ కొట్టి కైండ్ అనే కాలమ్ ఆన్ చేయండి. పర్చేస్డ్ ఏఏసీ అని ఉన్నవన్నీ స్వేచ్ఛగా ఉన్నవి, వాటి మీద రైట్ క్లిక్ చేసి షో ఇన్ ఎక్స్‌ప్లోరర్ అంటే ఫైలు ఎక్కడుందో చూపిస్తుంది, అక్కణ్ణించి కాపీ, ఫోన్లో పేస్ట్, అయిపోయింది. ఎంపీ3 లోకి మార్చక్కర్లేదు, ఆండ్రాయిడ్‌కి ఎం4ఏ బాగానే తెలుసు, అనవసరంగా మారిస్తే క్వాలిటీ ఒక మెట్టు దిగుతుంది. అన్నట్టు ఆ ఫైళ్ళ లోపల కొన్నవాడి పేరూ ఆపిల్ అకౌంటూ రాసి ఉంటాయి, తాళం లేదు కదా అని ఫ్యామిలీ గ్రూపులో వేయకండి, అది తిరిగి తిరిగి ఎక్కడ తేలినా మీ పేరుతోనే తేలుతుంది.

ప్రొటెక్టెడ్ ఏఏసీ అని ఉన్నవే మీ తలనొప్పి. వాటికి వరసగా మూడు దారులు చెప్తాను, మొదటిది పనిచేస్తే రెండోదాకా వెళ్ళక్కర్లేదు. ముందు ఒక పాట తీసుకుని, దాని పాత ఫైలు పక్కన ఇంకోచోట దాచిపెట్టి, లైబ్రరీలోంచి తీసేసి, అకౌంట్ మెనూలో పర్చేస్డ్ లోకి వెళ్ళి మళ్ళీ దింపి చూడండి. తాళం లేనిది వస్తే అదృష్టం, మిగతావీ అలాగే. మళ్ళీ తాళంతోనే వచ్చినా, అసలు లిస్టులోనే లేకపోయినా రెండో దారి ఐట్యూన్స్ మ్యాచ్. అమెరికా అకౌంట్‌లో ఏడాదికి 24.99 డాలర్లు, ఒక్క ఏడాది కట్టి, మీ లైబ్రరీలో పాటలు వాళ్ళ దగ్గరున్న వాటితో జోడీ కుదిరాక 256 కేబీపీఎస్ తాళం లేని కాపీలు దింపేసుకుని సబ్‌స్క్రిప్షన్ ఆపేయొచ్చు, అలా దింపుకున్నవి తర్వాత కూడా మోగుతాయి. పాటలు వందల్లో ఉంటేనే ఇది గిట్టుబాటు, పది పదిహేను పాటలకి ఆ డబ్బు దండగ.

మూడోది పాతకాలపు దారి, నాకు ఇష్టమైంది కూడా ఇదే. కొన్న పాటల్ని ఆడియో సీడీగా రాసుకోడానికి ఐట్యూన్సే పర్మిషన్ ఇస్తుంది, ఒకే ప్లేలిస్టుని ఏడుసార్లు రాయొచ్చు. ఒక ప్లేలిస్టు చేసి బర్న్ ప్లేలిస్ట్ టు డిస్క్ అని, ఆడియో సీడీ ఎంచుకుని రాసేయండి, తర్వాత ఆ సీడీ నుంచే మళ్ళీ ఎంపీ3 కింద తీసుకోండి, తాళం ఇక ఉండదు. మళ్ళీ మళ్ళీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్క్ ఒకటి కొంటే చాలు, ఒక విడత తీయడం, చెరపడం, ఇంకో విడత రాయడం. ఒక డిస్కుకి 80 నిమిషాలు పడుతుంది, అంటే పదహారు పాటల దాకా. క్వాలిటీ కాస్త తగ్గుతుంది, అది నిజమే, కానీ 128 కేబీపీఎస్ పాటలో తగ్గేదేముంటుంది లెండి. నెట్లో తాళం పగలగొట్టే ప్రోగ్రాములు అమ్ముతారు, వాటి జోలికి వెళ్ళకండి, మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఏ అని ఒక సెక్షన్ వచ్చింది, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణల్ని దాటితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. మీ ఉద్దేశం అది కాదని తెలుసు, అయినా కంపెనీయే ఇచ్చిన సీడీ దారి ఉండగా ఎవరో తెలియని వాడి ప్రోగ్రాముకి డబ్బు కట్టి కంప్యూటర్ అప్పగించడం ఎందుకు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఈ పనంతా అయ్యేదాకా మీ ఆపిల్ అకౌంట్ దేశాన్ని అమెరికా నుంచి ఇండియాకి మార్చకండి. కొన్న పాటలు ఏ దేశం స్టోర్లో కొన్నారో ఆ స్టోర్‌కే అతుక్కుని ఉంటాయి, దేశం మార్చాక పర్చేస్డ్ లిస్టులో అవి దొరక్కపోవచ్చు. ఇండియా వచ్చేసి యూపీఐ పనిచేయాలని ముందు దేశం మార్చేసి తర్వాత పాటల కోసం వెతుక్కునే ఎన్నారైలు చాలామంది. ముందు దింపుకోండి, రెండు చోట్ల దాచండి, ఆ తర్వాత మీ ఇష్టం.

ఇప్పుడు అసలు పెద్ద పని, నాన్నగారి సీడీలు. మీకు 1 కేబీ ఎందుకు వచ్చిందంటే, ఆడియో సీడీలో పాటలు ఫైళ్ళ రూపంలో ఉండవు. విండోస్ మీకు ట్రాక్01 సీడీఏ అని చూపించేది పాట కాదు, ఫలానా పాట డిస్కులో ఎక్కడ మొదలై ఎంతసేపుంటుందో చెప్పే చీటీ, కచ్చితంగా 44 బైట్లు, విండోస్ దాన్నే 1 కేబీ అని చూపిస్తుంది. మీరు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నది ఆ చీటీల్ని. అసలు పాట నిమిషానికి దాదాపు 10 ఎంబీ ఉంటుంది, దాన్ని ప్రోగ్రామ్‌తో చదివించి బయటికి తీయాలి, దాన్నే రిప్ చేయడం అంటారు. పెట్టెలో ఎంపీ3 సీడీ అని రాసి ఉన్నవి కూడా కొన్ని ఉండే ఉంటాయి, పది పదిహేను సినిమాలు కలిపి ఒకే డిస్కులో వేసి అమ్మేవాళ్ళు కదా, వాటికి ఈ బాధ లేదు, అందులో ఉన్నవి మామూలు ఫైళ్ళే, లాగి పడేయండి. ముందు వాటిని విడదీసి పక్కన పెట్టుకోండి, పని సగం తగ్గినట్టు ఉంటుంది.

లాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీ డీవీడీ రైటర్ రెండు వేలకి అటూ ఇటూగా దొరుకుతుంది, పని అయ్యాక ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. ప్రోగ్రామ్ విషయానికొస్తే విండోస్‌లో ఉండే పాత మీడియా ప్లేయర్ చాలు, కాకపోతే దాన్ని సెట్టింగులు చూడకుండా వాడితే డబ్ల్యూఎంఏ అనే సొంత ఫార్మాట్లో తీస్తుంది, అది ఆండ్రాయిడ్‌కి సరిగా పడదు. ఆప్షన్స్‌లో రిప్ మ్యూజిక్ అనే చోట ఎంపీ3 పెట్టి, క్వాలిటీ గీతని చివరిదాకా లాగండి. అక్కడే కాపీ ప్రొటెక్ట్ అని ఒక టిక్ ఉంటే తీసేయండి, అది ఉంచితే మన సీడీకి మనమే తాళం వేసుకున్నట్టు, ఆ కంప్యూటర్ పోయిందంటే పాటా పోయినట్టే. ఇంకాస్త ఓపిక ఉంటే ఫ్రీయాక్ వేసుకోండి, ఉచితం, ఫార్మాట్లు మార్చడానికి కూడా పనికొస్తుంది. గీతలు పడి ఆగి ఆగి చదివే డిస్కులకి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, అది చెడ్డ చోట మళ్ళీ మళ్ళీ చదివి చూస్తుంది, ఒక్కో డిస్కుకి గంట పట్టినా పట్టొచ్చు. డిస్కు తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడిస్తే ఉన్న గీతలు చాలవన్నట్టు కొత్తవి పాట వెంబడే పడతాయి.

నేనైతే కంప్యూటర్లో దాచుకునేది ఫ్లాక్ అనే ఫార్మాట్లో తీస్తా, సీడీలో ఉన్నది ఒక్క చుక్క పోకుండా వస్తుంది, ఫోన్లోకి మాత్రం ఎంపీ3 చేసి వేస్తా. అయిదు నిమిషాల పాట ఫ్లాక్‌లో 30 ఎంబీ దాకా, 320 కేబీపీఎస్ ఎంపీ3 లో 12 ఎంబీ. పెట్టెలో యాభై సీడీలున్నాయి, ఒక్కోదాంట్లో పన్నెండు పాటలు అనుకుందాం, ఆరొందల పాటలు, ఎంపీ3 అయితే 7 జీబీ చిల్లర, ఫ్లాక్ అయితే 18. మీ ఫోన్లో 128 జీబీ ఉంటే ఫ్లాక్ కూడా పడుతుంది కానీ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో వినేవాడికి అది ఎలాగూ తగ్గించే పంపిస్తుంది, తేడా తెలిసే అవకాశం చాలా తక్కువ. కంప్యూటర్లో ఫ్లాక్ ఎందుకంటే, రిప్ చేసే చాకిరీ జన్మలో ఒక్కసారే చేయగలం, రేపు వేరే ఫార్మాట్ కావాల్సొస్తే మళ్ళీ సీడీల దగ్గరికి వెళ్ళే ఓపిక ఎవరికుంది.

ఇక్కడ మన తెలుగు సీడీలతో వచ్చే ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. ఇంగ్లీషు సీడీ పెడితే ప్రోగ్రామ్ నెట్లో వెతికి పాటల పేర్లు తనే నింపుకుంటుంది. మన సీడీలకి చాలాసార్లు ఏమీ దొరకదు, లేదా ఎవరో ఎప్పుడో తప్పుగా ఎక్కించిన వేరే సినిమా పేర్లు వచ్చి కూర్చుంటాయి. చూసుకోకుండా రిప్ కొట్టేస్తే ఫోన్లో ట్రాక్ 01లు యాభై, ట్రాక్ 02లు యాభై, పాడిందెవరంటే అన్‌నోన్ ఆర్టిస్ట్. కాబట్టి సీడీ అట్ట పక్కన పెట్టుకుని రిప్ చేసే ముందే పేర్లు కొట్టండి, విసుగే, కానీ తర్వాత చేయడం ఇంకా పెద్ద విసుగు. ఇప్పటికే తీసేసినవి ఉంటే ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఒక్క దెబ్బకి సినిమా మొత్తానికి మార్చొచ్చు.

అందులో ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడి ఒకటుంటుంది, జనం దాన్ని ఖాళీగా వదిలేస్తారు, మన సినిమా పాటలకి అదే ప్రాణం. ఎందుకంటే ఒక సినిమాలో ఒక పాట బాలు, ఒకటి జానకి, ఒకటి బాలు చిత్ర కలిసి, ఇంకోటి ఎవరో కొత్తబ్బాయి పాడి ఉంటారు. ఆర్టిస్ట్ గడిలో ఒక్కో పాటకి ఒక్కో పేరు ఉండేసరికి చాలా ప్లేయర్లు ఇవన్నీ వేర్వేరు ఆల్బమ్‌లనుకుని ఆరు పాటల సినిమాని ఆరు ముక్కలు చేసి చూపిస్తాయి. ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో అన్ని పాటలకీ సంగీత దర్శకుడి పేరు ఒకేలా పెట్టండి, స్పెల్లింగ్ కూడా ఒకేలా, ఇళయరాజాని రెండు స్పెల్లింగుల్లో రాస్తే ఫోన్‌కి ఇద్దరు ఇళయరాజాలు. ఆల్బమ్ గడిలో సినిమా పేరు పక్కన సంవత్సరం కూడా కొట్టండి, మనవాళ్ళు పాత టైటిళ్ళే మళ్ళీ మళ్ళీ పెడతారు కదా, 1953 దేవదాసూ 2006 దేవదాసూ ఒకే ఆల్బమ్‌లో కలిసిపోతే నాన్నగారు ఊరుకోరు. పేర్లు తెలుగులో కొట్టాలా ఇంగ్లీషులోనా అంటే, ఫోన్లో తెలుగు బ్రహ్మాండంగా కనపడుతుంది, కానీ అవే పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసి కారులో పెడితే చాలా పాత కారు స్టీరియోల్లో అన్నీ డబ్బాలు కనపడతాయి, కీప్యాడ్ ఫోన్లలోనూ అంతే. కారులో వింటారనుకుంటే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోవడమే మేలు.

మేడం గారి ఐఫోన్ సంగతి. అందులో పాటలు కాపీ పేస్ట్ చేస్తే మ్యూజిక్ యాప్‌లోకి వెళ్ళవు. మాక్ అయితే మ్యూజిక్ యాప్‌లో పాటలు వేసి ఫైండర్ నుంచి సింక్ చేయాలి, విండోస్ అయితే ఐట్యూన్స్‌తోనో, ఆపిల్ మ్యూజిక్, ఆపిల్ డివైసెస్ అనే కొత్త యాప్‌ల జోడీతోనో. ఆ ఫోన్ ఇంతకు ముందు వేరే కంప్యూటర్‌తో సింక్ అయి ఉంటే ఎరేజ్ అండ్ సింక్ అని అడుగుతుంది, కంగారులో ఎస్ కొట్టకండి, ముందు అందులో ఉన్నవన్నీ తుడిచేశాకే మీవి ఎక్కిస్తుంది. ఆవిడ ఆపిల్ మ్యూజిక్ సబ్‌స్క్రిప్షన్ వాడుతూ సింక్ లైబ్రరీ ఆన్‌లో ఉంచితే కేబుల్‌తో పాటలు ఎక్కించడమే కుదరదు. ఇన్ని చికాకుల మధ్య నేను చెప్పేది ఐఫోన్‌లో కూడా వీఎల్‌సీ వేయండి అని. అందులో వైఫై షేరింగ్ ఆన్ చేస్తే ఒక అడ్రస్ చూపిస్తుంది, అదే వైఫైలో ఉన్న కంప్యూటర్ బ్రౌజర్లో ఆ అడ్రస్ కొట్టి పాటల్ని లాగి వదిలితే ఫోన్లో పడతాయి, సింకూ లేదు తుడవడమూ లేదు. ఫ్లాక్ కూడా మోగుతుంది, ఆపిల్ సొంత మ్యూజిక్ యాప్ ఫ్లాక్‌ని తీసుకోదు. మీ ఇద్దరి ఆపిల్ అకౌంట్లూ ఒకే దేశానివైతే ఫ్యామిలీ షేరింగ్‌లో మీరు కొన్న ఐట్యూన్స్ పాటల్ని ఆవిడ తన ఫోన్లో నేరుగా దింపుకోవచ్చు, మీది అమెరికా ఆవిడది ఇండియా అయితే అది వదిలేయండి.

రెండు ఫోన్లలోనూ ఒకేలా వినాలంటే యూట్యూబ్ మ్యూజిక్‌కి మీ ఫైళ్ళని ఎక్కించే సదుపాయం ఉంది, కంప్యూటర్ బ్రౌజర్ నుంచి లక్ష పాటల దాకా, మీరు ఎక్కించినవి డబ్బు కట్టకపోయినా యాడ్లు లేకుండా, స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నా మోగుతాయి. పనికొచ్చేదే, కానీ దాన్నే దాచుకునే చోటు అనుకోవద్దు. గూగుల్ ప్లే మ్యూజిక్‌ని కూడా జనం అలాగే నమ్మారు, 2020 చివర్లో మూసేసి, 2021 ఫిబ్రవరి తర్వాత అందులో ఉన్నవి చెరిపేశారు, ఈలోపు మార్చుకున్నవాళ్ళకి దక్కాయి, మెయిల్ చదవనివాళ్ళకి కొన్నవి కూడా పోయాయి.

మీరు చివర్లో జియోసావన్‌లో డౌన్‌లోడ్ చేసినవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతాయా అని కూడా అడిగారు. ఎక్కవు. జియోసావన్, స్పాటిఫై, ఏదైనా సరే నెలకో ఏడాదికో కట్టేది వినడానికే, ఆ యాప్ దింపుకునే ఫైళ్ళు ఆ యాప్ తప్ప ఇంకెవరూ చదవలేరు, స్పాటిఫై అయితే 30 రోజులకోసారి నెట్‌కి కలిపి చూపించకపోతే దింపినవి కూడా మోగవు. అది మోసం ఏమీ కాదు, బేరమే అది, అద్దె ఇంట్లో ఉంటూ గోడ పడగొట్టుకుంటా అంటే ఓనర్ ఒప్పుకోడు కదా. ఎయిర్‌టెల్ వింక్ 2024లో మూతపడ్డప్పుడు అందులో ఏళ్ళ తరబడి పోగేసుకున్నవాళ్ళు ఏం పట్టుకుపోగలిగారు?

బావమరిది గారి సలహా గురించి. మీరు కొన్న సీడీని మీ ఫోన్లో వినడానికి మీరు కాపీ తీసుకోవడం వేరు, కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో సొంత వాడకానికి ఫెయిర్ డీలింగ్ అని చోటుంది, నేను పైన చెప్పిందంతా ఆ గీత లోపలిదే. ఫ్రీ సైట్లో దొరికేది వాడెవడో హక్కు లేకుండా పెట్టింది, మీ పెట్టెలో సీడీ ఉన్నంత మాత్రాన అది సక్రమం అయిపోదు. చట్టం సంగతి పక్కన పెట్టినా ఆ సైట్లలో డౌన్‌లోడ్ అని నాలుగు బటన్లు ఉంటాయి, మూడు యాడ్లు, నొక్కితే ఏదో ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్‌ని ఎక్కించే ఫైలు, దిగుతుంది. ఏపీకేలు వేసుకుని బ్యాంకు ఖాతాలు ఖాళీ చేయించుకుంటున్న వార్తలు రోజూ చూస్తూనే ఉన్నాం, పది రూపాయల పాట కోసం ఆ రిస్కు అవసరమా. పైగా వచ్చే పాట మీ సీడీ అంత బాగుండదు, పేరు చివర ఆ సైటు అడ్రస్ తగిలించి ఉంటుంది, అదో చిరాకు.

కొత్తగా కొనాలంటే ఇప్పటికీ దారులున్నాయి. ఐట్యూన్స్ స్టోర్ మన దేశంలోకి 2012 డిసెంబర్‌లో వచ్చింది, తెలుగు పాటలు ఉంటాయి, తాళం లేని ఎం4ఏ, కంప్యూటర్లో కొని ఆండ్రాయిడ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. సినిమా బయట సొంతంగా పాటలు చేసే కుర్రాళ్ళవి బ్యాండ్‌క్యాంప్ అనే సైట్లో దొరికితే అక్కడే కొనండి, ఎంపీ3, ఫ్లాక్, ఏది కావాలంటే అది ఇస్తారు, తాళాలుండవు, ఫోన్ బ్రౌజర్ నుంచే దింపితే జిప్ ఫైలు వస్తుంది, ఫైల్స్ యాప్‌లో దాన్ని విప్పి మ్యూజిక్ ఫోల్డర్‌లోకి జరపడమే.

మీ వరకు వరస ఇలా పెట్టుకోండి, ఈ రాత్రికి ఆ నోమీడియా ఫైలు చూసి ఫ్లైట్ పాటల సంగతి తేల్చండి, ఆదివారం కూర్చుని ఐట్యూన్స్‌లో కైండ్ కాలమ్ ఆన్ చేసి ప్రొటెక్టెడ్ ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోండి, సీడీలు రోజుకి రెండు మూడు చొప్పున నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని తీయండి, అట్ట పోయిన డిస్కుల్లో ఏ పాట ఏ సినిమాదో ఆయనకే తెలుస్తుంది. ప్రొటెక్టెడ్ లెక్క ఎంతో, ఆపిల్ అకౌంట్ ఇంకా అమెరికాలోనే ఉందో లేదో చెప్పండి, మ్యాచ్ కట్టాలా సీడీ రాసుకోవాలా అన్నది అప్పుడు చెప్తాను.